మొగ్గు నరసింగరావు సంతకం

గరివిడిలో మా నాన్నను ఉత్త నరసింగరావు అంటే ఎవరికీ తెలిసేది కాదు. ఏ నరసింగరావు అని ఎదురు అడిగేవారు. మొగ్గు నరసింగరావు అంటే మాత్రం స్టేషన్ దగ్గర ఆటోవాడు ఇంకో మాట అడక్కుండా మా కొట్టు ముందు దింపేవాడు. ఇప్పుడా పేరు ఎవరూ అనడం లేదు. ఎందుకు అనడం లేదో చెప్పాలంటే నేను చేసిన పని చెప్పుకోవాలి. రెండేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి సిగ్గేసింది. ఇప్పుడు చెబుతున్నానంటే సిగ్గు పోయిందని కాదు.

మొగ్గు అంటే తెలియనివాళ్లకు ముందు అది చెప్పాలి. కాటాలో రాయి ఒక పళ్లెంలో, సరుకు ఇంకో పళ్లెంలో పెడితే ముల్లు నిట్టనిలువుగా నిలబడాలి. లోకంలో అందరికీ అదే తూకం. మా నాన్నకు అది తూకం కాదు. సరుకు పళ్లెం కాస్త కిందికి వాలాలి. ఆ వాలడమే మొగ్గు. అలా వాలాక, పొట్లం కట్టే ముందు, మూడు వేళ్లతో ఇంకాస్త తీసి పైన వేసేవాడు. అది కొసరు. కందిపప్పుకైనా అంతే, కారానికైనా అంతే. ముల్లు నిలువుగా నిలబడితే ఆయనకు ఊపిరాడేది కాదు. నాకు తొమ్మిదేళ్లప్పుడు కొట్లో కూర్చోబెట్టి మొదట నేర్పింది ఇదే. ఒకసారి ఒకావిడకు పంచదార సరిగ్గా తూచి పొట్లం కట్టేస్తుంటే నా చేతిలోంచి పొట్లం లాక్కున్నాడు.

"ఆవిడ ఇంటికెల్లి ఇంకో కాటా మీద పెట్టి సూసుకున్నా తక్కువ రాకూడదురా. మన కాటాలో తప్పుంటే అది మనకే తగలాల, ఆవిడికి కాదు," అన్నాడు.

తర్వాత అంకెలు కనబడే కరెంటు కాటా వచ్చింది. మా నాన్న దాన్ని కొన్నాడు గానీ అంకెల వంక చూసేవాడు కాదు. ఐదొందలు దాటి ఐదొందల పదిహేను దగ్గర అంకె ఆడుతుంటే అప్పుడు చెయ్యి ఆపేవాడు. ఆపి, మళ్లీ కొసరు వేసేవాడు. మా అమ్మ లక్ష్మీనరసమ్మ లోపలి నుంచి చూసి నవ్వేది. "మీకు ఇలాటి కాటా ఎందుకండీ, కళ్లు మూసుకుని తూసీగలరు గదా," అనేది.

ఇలాంటి మనిషి నన్ను విమానాల చదువుకు పంపించాడు. ఎలా పంపించాడో కూడా చెప్పాలి. ఎందుకంటే అందరూ అనుకున్నట్టు నేను పైలట్ అవుతానని ఆయన ఎప్పుడూ కలలు కనలేదు.

2014లో ఇంటర్ అయ్యాక విజయనగరంలో కాలేజీలవాళ్లంతా బల్లలు వేసుకుని కూర్చున్న ఒక మేళాకు వెళ్లాం. ఒక బల్ల దగ్గర టై కట్టుకున్నాయన విశాఖపట్నంలో తమ కాలేజీ గురించి, ఎయిర్ కార్గోలో మూడేళ్ల బీబీఏ గురించి చెబుతున్నాడు. నేను అక్కడ ఆగింది చదువు కోసం కాదు. కాగితం మీద అచ్చు వేసిన బొమ్మలో ఒక కుర్రాడు నల్లకోటు వేసుకుని విమానం ముందు నిలబడి ఉన్నాడు. అందుకు ఆగాను. మా నాన్న మాత్రం ఆయన చెప్పేది చెవులు రిక్కించి విన్నాడు. విమానంలో ఎక్కించే ప్రతి పెట్టెనూ తూచాలని, ఏ బరువు ఎక్కడ పెట్టాలో లెక్క వేశాకే విమానం కదులుతుందని, ఆ లెక్క నేర్పే చదువే ఇదని ఆయన చెప్పాడు.

మా నాన్న నా వైపు తిరిగాడు. "సూసేవా, ఇమానానికి కూడా తూకమేనంట."

గరివిడి వచ్చేదాకా ఆయన మొహంలో ఆ సంతోషం తగ్గలేదు. తాత తూచాడు, తను తూచాడు, ఇప్పుడు కొడుకు ఇంకా పెద్ద కాటా దగ్గర నిలబడతాడు. ఆయనకు అర్థమైంది అంతే. నిజానికి నాకంటే ఆయనకే ఆ చదువు బాగా అర్థమైంది.

చదువు నాకు నచ్చింది. అబద్ధం చెప్పకూడదు. ఏ సరుకు విమానంలో ఎక్కకూడదు, ఏ పెట్టెకు ఏ చీటీ అంటించాలి, ముందు భాగంలో బరువు ఎక్కువైతే ఏమవుతుంది, వెనక ఎక్కువైతే ఏమవుతుంది, ఇవన్నీ నేర్చుకున్నాను. ఆదివారాలు ఇంటికొచ్చినప్పుడు కొట్లో కూర్చుని మా నాన్నకు చెప్పేవాణ్ని. ఆయన అవి వచ్చేపోయేవాళ్లకు చెప్పేవాడు. గురమ్మ అని పక్క ఊరి రైతు మనిషి, మా తాత నాటి నుంచి మా కొట్టుకే వచ్చేది. ఆవిడకు పప్పు తూస్తూ, "ఎనక బరువెక్కువైతే ఇమానం తోక దిగిపోతాదంట గురమ్మా," అని చెప్పేవాడు. ఆవిడ పొట్లం మీదే చూపు పెట్టి, "అయితే ముందుకి జరిపీమను బాబూ," అనేది.

మూడో ఏడు ఆఖర్న మూడు నెలలు ఎక్కడైనా పని నేర్చుకోవాలి. అక్కడివాళ్లు బాగా చేశాడని రాసిస్తేనే డిగ్రీ. నన్ను విశాఖపట్నంలో ఎయిర్‌పోర్టు పక్కన సరుకులు అందుకునే ఒక గోదాముకు పంపించారు. అక్కడ మా మీద రాంబాబు గారు. కోపం లేని మనిషి. తెల్లచొక్కా చేతులు మడిచి, మెడలో తాడుకు కళ్లజోడు వేలాడదీసుకుని తిరిగేవారు. నన్ను కాటా దగ్గర పెట్టారు. ఆ సంగతి మా నాన్నకు ఫోన్ చేసి చెబితే, "మరి నువ్వు కాకపోతే ఇంకెవుల్ని పెడతారు," అన్నాడు.

2017 ఫిబ్రవరిలో ఒక పొద్దున్న భోగాపురం వైపు నుంచి రొయ్యపిల్లల పెట్టెలు వచ్చాయి. అరవై రెండు పెట్టెలు. లోపల ప్లాస్టిక్ సంచుల్లో నీళ్లు, గాలి నింపి, చీమ తలకాయంత రొయ్యపిల్లల్ని పోసి మూతి కట్టేస్తారు. మధ్యాహ్నం విమానంలో కలకత్తా వెళ్లాలి. నేను ఒక్కో పెట్టె కాటా మీద పెట్టించి, బరువు చూసి, కాగితం మీద రాశాను.

పద్దెనిమిది కిలోల నాలుగొందల గ్రాములు కనబడితే పద్దెనిమిది కిలోలని రాశాను. పైన మూడొందలు కనబడినా పద్దెనిమిదే. పదిహేడున్నర కనబడితే పదిహేడు. అన్ని పెట్టెలకూ అలాగే రాశాను. ఏం ఆలోచించి రాశావని తర్వాత ఎంతమంది అడిగారో లెక్కలేదు. ఏమీ ఆలోచించలేదు. కాటా వెనక నేను నిలబడి ఉన్నాను, సరుకు తెచ్చినతను ఎదురుగా నిలబడి ఉన్నాడు. నా చేతికి తెలిసింది అదొక్కటే. పైనున్న ఆ కాస్తా అతనికి వదిలేశాను. మూడేళ్లు పుస్తకాల్లో చదివిందీ, పరీక్షల్లో రాసిందీ ఆ ఒక్క గంట ఎటు పోయిందో తెలియదు.

విమానం వాళ్లు వాళ్ల అలవాటు ప్రకారం నాలుగు పెట్టెలు దించి మళ్లీ తూచారు. నాలుగూ నా కాగితం కంటే ఎక్కువ వచ్చాయి. అప్పుడు అన్నీ తూచారు. మొత్తం మీద ఇరవై రెండు కిలోలు తేడా. సరుకు ఆపేశారు. మధ్యాహ్నం విమానం వెళ్లిపోయింది. పెట్టెలు వెనక్కి భోగాపురం వెళ్లాయి. సగం పిల్లలు చచ్చిపోయాయని సాయంత్రానికి ఫోన్ వచ్చింది.

రాంబాబు గారు నన్ను గదిలోకి పిలిచారు. కాగితం బల్ల మీద పెట్టి కళ్లజోడు తగిలించుకున్నారు.

"జయకృష్ణా, కొన్ని ఎక్కువా కొన్ని తక్కువా రాసేవనుకో, పొరపాటంటాం. అరవై రెండూ తక్కువే రాసేవు. దీన్ని పొరపాటు అనరు. ఆ సరుకు తెచ్చినోళ్లు నీకేమన్నా ఇచ్చారా? బరువు తక్కువ పడితే వాళ్లకే కదా లాభం."

లేదండి, అలవాటులో రాసేశానండి అన్నాను.

"ఏటి అలవాటు?"

కొసరండి అని ఆ గదిలో, ఆయన ముందు, ఆ ఏసీ చల్లదనంలో అనలేకపోయాను.

ఆయన ఒక మాట చెప్పారు. డబ్బు తీసుకున్నాడని కాలేజీకి రాస్తే ఈ డిగ్రీ నీకు రాదు, ఎందుకిలా చేశావో ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో రాసి, మీ నాన్నగారి సంతకం పెట్టించుకుని సోమవారం తీసుకురా, నాకు నమ్మకం కలిగితే దీన్ని ఇక్కడితో వదిలేస్తాను అన్నారు. ఉన్నదున్నట్టు అని రెండుసార్లు అన్నారు. అది ఆయన నాకు చూపించిన దయ.

ఉన్నదున్నట్టే రాశాను మొదట. మా కొట్లో తూకం వేశాక కొనేవాళ్లకు కాస్త ఎక్కువ వేయడం మా నాన్న పద్ధతి అని, ఆ చెయ్యి ఇక్కడా అలాగే పోయిందని రాశాను. నాతోపాటు అక్కడే పని నేర్చుకుంటున్న అనూరాధ, విశాఖపట్నం అమ్మాయి, పక్క కుర్చీలోంచి చదివింది. చదివి నవ్వింది. "విమానానికి కొసరు వేశావా," అంది. ఆ పిల్లకు నా మీద ఏ చెడ్డ తలపూ లేదు. వింతగా అనిపించి నవ్వింది, అంతే. అవతల బల్ల దగ్గర ఇద్దరు కూడా తలెత్తి నవ్వారు.

నేను ఆ కాగితం చింపేశాను. నా బతుకులో చేసిన పనుల్లో అంత సిగ్గుమాలినది ఇంకోటి లేదు. డబ్బు తినలేదని రుజువు చేసుకోవాలి, అలాగని పల్లెటూరి కోమటి కొట్టు కుర్రాడినని నవ్వించుకోకూడదు. రెండూ కుదిరే మాట ఒకటి వెతికాను. దొరికింది. ఇంగ్లీషులో రాసిన దాన్ని తెలుగులో చెబితే ఇది.

'మా తండ్రి గరివిడిలో చిన్న కిరాణా కొట్టు నడుపుతారు. అక్కడ తూకం నిజాయితీగా జరగదు. చిన్నప్పటి నుంచి అది చూసి పెరగడం వల్ల నాకీ చెడ్డ అలవాటు అంటింది. ఇకపై నేను గానీ మా తండ్రి గానీ ఈ విధంగా తూచబోమని ఇద్దరం హామీ ఇస్తున్నాం.'

ఆఖరి వాక్యం ఎందుకు పెట్టానంటే, ఇలాంటి కాగితాలు అలాగే ముగుస్తాయని. అంతకుమించి దానికి అర్థం ఉంటుందని అప్పుడు తోచలేదు. ఈసారి అనూరాధ చదివి నవ్వలేదు. ఓహో అని తన పని చూసుకుంది. నాకు హాయిగా అనిపించింది. అనిపించిందని ఒప్పుకోవాలి.

శనివారం సాయంత్రం పాసింజర్ ఎక్కాను. కొత్తవలసలో కిరండూల్ నుంచి వచ్చే ఇనుపరాయి గూడ్సుకు దారి ఇవ్వడానికి మా బండిని ముప్పావుగంట ఆపారు. జేబులోంచి కాగితం తీసి మళ్లీ చదివాను. కిటికీ పక్కన కూర్చున్నాను. చింపి బయటకు విసిరితే అయిపోయేది. తెల్లకాగితం నా సంచిలోనే ఉంది. మొదట రాసింది నాకు కంఠతా వచ్చు. రాయడానికి పది నిమిషాలు పట్టదు. నేనేం చేశానంటే, మరమరాలమ్మే ఆవిడ వస్తే కొనుక్కుని తింటూ కూర్చున్నాను.

ఇంటికి వెళ్లేసరికి మా నాన్న కొట్లోనే ఉన్నాడు. జరిగింది చెప్పాను. పెట్టెలకు బరువు తక్కువ రాసేశానని, అది మన కొసరు అలవాటులో జరిగిందని చెప్పాను. ఆయన చిన్నగా నవ్వాడు.

"ఇమానానికి కొసరేటిరా, యెర్రి నాయినా." మళ్లీ ఆయనే మొహం ముడుచుకుని, "నా వల్లే గదరా ఇది. నీకు సదువు సెప్పించేను గానీ సెయ్యి మార్పించలేదు," అన్నాడు.

అదే కాగితం ఆయన చేతికిచ్చాను. మా నాన్నకు ఎనిమిదో తరగతి దాకా తెలుగు చదువే, ఇంగ్లీషు రాదు. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏటి రాసావు ఇందులో?"

"జరిగిందే రాశాను నాన్నా. తప్పయింది, ఇంక జరగదని."

"సరే, ఉంచు. కొట్టు కట్టేసాక పెడతాను."

పొద్దున్న టిఫిన్ పళ్లెం పక్కన కాగితం ఉంది. కింద నా సంతకం పక్కనే ఆయన తెలుగు సంతకం, గుండ్రటి అక్షరాలతో ఇంటిపేరుతో సహా. స్టేషన్‌కు ఎప్పటిలాగే వచ్చాడు. బండి కదిలేముందు, "రెండు నెల్లే గదా, జాగర్తగా సెయ్యి," అన్నాడు. నా మొహంలోకి చూడలేదు. నాకది పట్టలేదు.

రాంబాబు గారు కాగితం చదివారు. సంతకం దగ్గర చాలాసేపు ఆగారు. "ఏ యాపారీ ఇలాటిదాని మీద సంతకం పెట్టడయ్యా. మీ నాన్నగారు గొప్పోరు. ఆయన్ని సూసైనా బుద్ధిగా ఉండు," అన్నారు. అలాగేనండి అన్నాను. అంతకంటే ఏమంటాను. ఆ వేసవిలో ఆయనే నాకు మంచి మాటలు రాసిచ్చారు. డిగ్రీ వచ్చింది. హైదరాబాద్ ఎయిర్‌పోర్టు సరుకుల విభాగంలో ఉద్యోగం వచ్చింది. మధ్యలో రెండుసార్లు ఇంటికి వచ్చాను గానీ కొట్లో కూర్చోవడం అప్పటికి మానేశాను. ఉద్యోగస్థుణ్ని కదా.

ఆ డిసెంబరులో డిగ్రీ పట్టా పటం కట్టించి తెచ్చాను. మా నాన్న దాన్ని కొట్లో కాటా పైన గోడకు కొట్టించాడు. ఆ రోజు సంతోషం కొద్దీ చాలాకాలానికి కొట్లో కూర్చున్నాను. గురమ్మ వచ్చి అరకిలో కందిపప్పు అడిగింది. మా నాన్న పప్పు పళ్లెంలో పోశాడు. అంకెలు ఐదొందల పన్నెండు దగ్గర ఆగాయి. ఆయన వంగి అంకెలు చూశాడు. రెండు వేళ్లతో కాస్త పప్పు తీసి బస్తాలో వేశాడు. ఐదొందల నాలుగు. మళ్లీ కాస్త తీశాడు. సరిగ్గా ఐదొందలయ్యాక పొట్లం కట్టాడు.

గురమ్మ చెయ్యి చాపి ఉంచింది. కొసరు పడలేదు. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నీ కొడుకు ఇమానం సదువు సదివినకాడ్నించి నీ సెయ్యి బిగిసిపోనాది సావుకారూ. ముందులాగ నేదు. జనం ఊరికే మానేసినారేటి నీ కొట్టుకి రాడం," అంది. మా నాన్న పొట్లం అందించాడు.

నాకు అప్పటికీ సరిగ్గా తట్టలేదు. సాయంత్రం మా ఊరి ఫ్యాక్టరీ గేటు దగ్గరకు వెళ్లాను. లారీలు తూచే కాటా దగ్గర త్రినాథ్ మావ పనిచేస్తాడు. మాకు చుట్టం కాదు, మా నాన్నకు చిన్ననాటి స్నేహితుడు, ఇంగ్లీషు చదవగలడు. నాన్న తూకం ఎందుకు మార్చాడో నీకేమైనా తెలుసా మావా అని అడిగాను.

త్రినాథ్ మావ నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"నన్నడుగుతావేటి అల్లుడూ. నువ్వు రాసిన కాయితం ఆ రోజు నాసేతే సదివించుకున్నాడు. ఇక్కడే, ఈ బెంచీ మీద కూకుని. రెండుసార్లు సదివించేడు. ఒగ్గీయి, సంతకం పెట్టకని నాను సెప్పేను. పెట్టకపోతే ఆడి డిగ్రీ ఆగిపోతాది త్రినాథూ అన్నాడు. నేను సదివించుకున్నట్టు ఆడికి తెలీనీకు, సిగ్గుపడతాడు అన్నాడు." మళ్లీ తనే, "సెప్పకూడదనే అనుకున్నాను. నువ్వొచ్చి ఏమీ ఎరగనట్టు అడుగుతుంటే ఆగలేకపోయేను," అన్నాడు.

అక్కడి నుంచి నేరుగా కొట్టుకు వచ్చాను. మా నాన్న ఒక్కడే ఉన్నాడు. ఆ మనిషి ముందు నిలబడి మాట్లాడటానికి నాకు మొహం లేదు. అయినా అన్నాను.

"నాన్నా, ఆ కాగితంలో నేను రాసింది నిజం కాదు. మన తూకం తప్పు తూకం కాదు. నవ్వుతారని అలా రాశాను."

"నాకు తెలీదేటిరా," అన్నాడు.

"మరి ఎందుకు మానేశావు? మళ్లీ ముందులాగే తూచు. నీ కాళ్లు పట్టుకుంటాను."

"ఇంకలాగ తూయనని రాసావు గదా. కింద నేను సంతకం పెట్టేను." ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "అది నాకు సదివి వినిపించాకే పెట్టేను."

ఇంతలో ఎవరో వచ్చి కిలో పంచదార అడిగారు. నేను గబగబా లేచి, మా నాన్నకంటే ముందు డబ్బాలో చెయ్యి పెట్టాను. పళ్లెంలో పోశాను. కిలో దాటింది. కిలో ఇరవై అయింది. ఆపకుండా, చిన్నప్పుడు నేర్చుకున్నట్టే, మూడు వేళ్లతో ఇంకాస్త తీసి పైన వేశాను. ఇదొక్కటి పడనిస్తే చాలనిపించింది.

మా నాన్న పక్కకు వచ్చి నిలబడ్డాడు. నా మణికట్టు మెత్తగా పట్టుకుని పక్కకు జరిపాడు. అంకె సరిగ్గా వెయ్యి చూపించేదాకా చెంచాతో పంచదార కొద్దికొద్దిగా తీసి డబ్బాలో వేశాడు.

"కాయితం మీద నీ సంతకం కూడా ఉన్నాది గదరా," అన్నాడు.

పొట్లం ఆయనే కట్టి ఇచ్చాడు.